చచ్చిన మొగుడు, పడిపోయిన షేరు

డబ్బింగ్ థియేటర్లో ఆమెను అందరూ ఏడుపుల మేడమ్ అంటారు. ఎనిమిదేళ్ళుగా ఒకే సీరియల్ కథానాయికకు గొంతు ఇస్తోంది. ఆ మహాతల్లి వారానికి నాలుగు రోజులు ఏడుస్తుంది, అయిదో రోజు వెక్కుతుంది. తెర మీద పెదాలు కదిలినంతసేపూ కుమిలిపోయి, ఆగగానే ముక్కు తుడుచుకుని టీ తాగే మనిషికి షేర్ మార్కెట్ ఒక లెక్కా అనుకుంది. అక్కడే పప్పులో కాలేసింది.

ప్రసారానికి నెల ముందే స్క్రిప్టు చేతికొచ్చింది. కథానాయిక చచ్చిపోయాడనుకున్న మొగుడు తిరిగొస్తున్నాడు. సౌండ్ ఇంజనీరు ఆ కాగితాలు చదివి గొంతు తగ్గించాడు.

"మేడమ్, బయట ఎవరికీ తెలీదు. ఈ ఎపిసోడ్ వస్తే మన ఛానల్ షేరు ఎక్కడికో పోతుంది. ఉన్నదంతా పెట్టేయండి."

ఆమె దగ్గర ఉన్నదంతా అత్తగారి వినికిడి మిషన్లకని దాచిన డబ్బే. రెండు చెవులకీ రెండు. అత్తగారికి చెవులు పోయి పదేళ్ళయింది. కోడలి సీరియల్‌ని రోజూ బొమ్మల పుస్తకంలా చూస్తుంది. నెలలో రెట్టింపయితే మేలురకం కొనొచ్చని ఆమె మొత్తం షేర్లలో పోసింది. ఇంట్లో చెప్పలేదు.

సీరియల్లో మొగుడు అనుకున్న రోజే తిరిగొచ్చాడు. ఆ వారమే లోకంలోని మార్కెట్లన్నీ కూడబలుక్కున్నట్టు కుప్పకూలాయి. ఛానల్ షేరు సగానికి పడింది.

అయినా ఆమె అమ్మలేదు. ఆమెకు తెలిసిన లోకంలో ఇంటర్వెల్ ముందు హీరో తన్నులు తింటాడు, తరవాత లేచి అందరి పనీ పడతాడు. పడినవాడు పడినట్టే ఉంటే అది సినిమా ఎలా అవుతుంది? కానీ మూడు వారాలైనా ఇంటర్వెల్ కార్డు పడలేదు. టీవీలో నిపుణుడొకడు "భయపడకండి" అంటున్నాడు గాని, అతని మాటకూ మొహానికీ సింక్ కుదరలేదు. ఆ పనే చేసి బతికే మనిషి కదా, ఇట్టే పసిగట్టింది.

రోజూ సాయంత్రం బాల్కనీలోకి వెళ్ళి, గాజు తలుపు జరిపేసి, అక్కకు ఫోన్ చేసేది. "అత్తయ్య చెవుల డబ్బు తగలేశానే. ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అని భోరుమనేది. లోపల సోఫాలో అత్తగారు టీవీ ముందు కూర్చుని ఉండేది. వినపడని మనిషి, పైగా మధ్యలో అద్దం, ఇంకేం భయం అనుకుంది.

ఒకరోజు ఏడుపు ముగించి లోపలికొచ్చేసరికి టీవీ ఆపేసి ఉంది.

"సగమే పోయిందా, ఇంకా పోయిందా?" అంది అత్తగారు.

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"మీరు గట్టిగా అరిచి మాట్లాడితే నాకు కాస్తయినా వినబడుతోందనుకున్నారు. ఇన్నేళ్ళూ నేను పెదాలు చూసి లాక్కొస్తున్నా. మూడు వారాల్నించీ బాల్కనీ సీరియలే చూస్తున్నానమ్మా. టీవీ ఊరికే పెట్టుకున్నా."

పొద్దస్తమానం ఇంకొకరి పెదాలు చూసి బతికే తనకు, తన పెదాలూ ఎవరైనా చూస్తారని తట్టలేదు. ఆమెకు సిగ్గేసింది.

"డబ్బు పోతే పోయింది," అంది అత్తగారు. "ఆ హీరోయిన్‌కి మన భాష రాదు. పెదాలు ఏవో కదుపుతుంది, ఒక్క ముక్క అర్థం కాదు. నా కోడలి గొంతు ఊరంతా వింటోంది, ఒకే ఇంట్లో ఉండి నేనొక్కదాన్నే వినలేదు. అదీ నా బాధ."

కోడలికి ఈసారి స్క్రిప్టు లేకుండానే ఏడుపొచ్చింది. మర్నాడు మార్కెట్ తెరవగానే ఇంటర్వెల్ సంగతి మరిచిపోయి షేర్లన్నీ అమ్మేసింది. వచ్చినదానితో ఒక్క చెవికి మిషన్ వచ్చింది. అమ్మిన వారానికే షేరు లేచిందని సౌండ్ ఇంజనీరు చెప్పబోతే, నోరు మూసుకోమంది.

కుడి చెవికి మిషన్ తగిలించుకుని అత్తగారు సీరియల్ ముందు కూర్చుంది. కథానాయిక అరగంట ఏకబిగిన ఏడ్చింది. కోడలు టీవీ వైపు తిరగనేలేదు, అత్తగారి మొహమే చూస్తూ కూర్చుంది. అంతా అయ్యాక అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"గొంతు బంగారంలా ఉందమ్మా," అంది. "ఏడవడం మాత్రం బాల్కనీలోనే బాగా ఏడ్చావు."