బొట్టు పెట్టని డబ్బా

వెలుగు ఉండకూడని చోట ఉంది. శ్రీసుధ కళ్లు నులుముకుని మళ్లీ మైక్రోస్కోపులోకి చూసింది. అక్కడ కణమే లేదు, ఆకుపచ్చ మెరుపు మాత్రం ఉంది.

రాజమండ్రిలోని ఆ ల్యాబులో ఆమెది నాలుగో ఏడు. ఎలుకపిల్లల మెదడు కణాలను గిన్నెల్లో పెంచడం ఆమె పని. ఎదిగే కణానికి డెండ్రైట్లనే కొమ్మలు మొలుస్తాయి. పక్క కణాల మాట వినేది వాటితోనే. ఏ కొమ్మ ఎటు పోవాలో, ఎన్ని చీలాలో ప్రోటీన్లు కబురు పెడతాయి. తను ఎంచుకున్న ప్రోటీన్ అందితే కొమ్మలు రెట్టింపవుతాయని శ్రీసుధ పట్టు. కొమ్మలు ఆకుపచ్చగా మెరిసేలా రంగు ఎక్కించి, కంప్యూటరు చేత లెక్కపెట్టించింది. అన్నట్టే రెట్టింపు వచ్చాయి. సోమవారం కమిటీకి చూపించాలి. ఆ లెక్క నిలిస్తేనే థీసిస్.

మైక్రోస్కోపు గాజు తుడిచింది. మెరుపు పోలేదు. అప్పుడు విజయదశమి గుర్తొచ్చింది.

ఆ రోజు ద్రాక్షారామం నుంచి అమ్మ తెచ్చిన పసుపుతో మెషీన్లన్నిటికీ బొట్లు పెట్టింది. పెట్టిన చెయ్యి ఊరుకుందా? ప్రోటీన్ ఇచ్చిన కణాల స్లైడ్లున్న డబ్బా మూతకీ ఇంత పెట్టింది. పక్కనే ప్రోటీన్ ఇవ్వని కణాల డబ్బా. దానికి పెట్టలేదు. దానికి అదృష్టంతో పనేంటి అనుకుంది, మహా తెలివైన పిల్ల! మైక్రోస్కోపు నీలికాంతిలో పసుపు కూడా ఆకుపచ్చగా మెరుస్తుందని చదువుకున్నదేగా. మూత తీసినప్పుడు రాలిన నలుసుల్ని కంప్యూటరు కొమ్మలనుకుంది.

వెళ్లి గైడు అనంతకృష్ణ గారికి ఉన్నదున్నట్టు చెప్పింది.

"మచ్చలున్నవి తీసేసి మిగతావి చూపించమ్మా. కమిటీ వాయిదా పడితే ఆర్నెల్లు పోతాయి," అన్నారాయన.

"ఏది మచ్చో తేల్చేది కూడా నేనే కదండీ. నా కన్ను ఒక డబ్బా వైపే ఉందండి. మొదట్నుంచీ చేస్తాను."

ఆయన క్యాలెండర్లో సోమవారాన్ని కొట్టేశారు. "సరే, కమిటీకి నేను చెప్పుకుంటాను," అన్నారు.

కొత్త కణాలు, మళ్లీ మూడు వారాలు. ఈసారి డబ్బాల మీద పేర్లు తీసేయించి, అటెండరు మాణిక్యాంబ చేత వట్టి నెంబర్లు వేయించింది. ఏది ఏదో ఆవిడకే తెలుసు, ఆ కాగితం ఆవిడ కొంగున ఉంది. శ్రీసుధ కంప్యూటర్ని పక్కనపెట్టి ఒక్కో కొమ్మా తనే లెక్కపెట్టింది. మెడ పట్టేసింది. గుబురుగా కొమ్మలేసిన కణం కనిపిస్తే, ఇది నా ప్రోటీన్ అందినదే కావాలని మనసు ఒకటే లాగేది. లాగితే లాగనీ అనుకుని ఉన్న అంకే రాసేది.

చివరిరోజు మాణిక్యాంబ పసుపు భరిణెతో తలుపు దగ్గర నిలబడింది. "కాగితం విప్పేముందు ఒక్క బొట్టు పెట్టనాండీ? ఏ డబ్బాకి పెట్టమంటారు?"

"రెండిటికీ పెట్టండి. లెక్క రాసేశాను."

కాగితం విప్పారు. రెట్టింపు లేదు. ప్రోటీన్ లేని కణానికి సగటున పది కొమ్మలుంటే, ఉన్నదానికి పదమూడు.

"తగ్గిపోయాయాండీ?" అంది మాణిక్యాంబ, దిగులుగా.

"తగ్గాయండి." శ్రీసుధ కళ్లు తుడుచుకుంది. "కానీ ఈ మూడూ నిజంగా మొలిచినవి."