నిరవధిక పథ్యం

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల రెండు దీక్షలు నడిచాయి. ఒకటి కొత్తపేట మెయిన్ రోడ్డు మీద, టెంటు కింద. అది రిలే నిరాహార దీక్ష. పొద్దున పది గంటలకి మెడలో దండ వేసుకుని కూర్చున్నవాళ్ళు సాయంత్రం ఐదింటికి నిమ్మరసం తాగి, ఫొటో దిగి ఇళ్ళకి పోయేవాళ్ళు. మర్నాడు వేరే బ్యాచ్. రెండోది అక్కడికి రెండు సందుల అవతల, వెంకట్రావు గారి మేడ మీద, వెనక గదిలో. దీనికి టెంటు లేదు, దండ లేదు, ఫొటో లేదు. నిమ్మరసం అసలే లేదు, పులుపు తగిలితే కుట్లు చీము పడతాయి కాబట్టి. పైగా ఇది రిలే కూడా కాదు. రోజూ సింధూర ఒక్కతే చెయ్యాలి.

సింధూర వెంకట్రావు గారి కోడలు, పద్నాలుగు రోజుల బాలింత. పద్ధతి ప్రకారం తెనాలిలో పుట్టింట్లో ఉండాల్సిన మనిషి. కానీ వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళాల్సిన వారంలోనే సమ్మె మొదలై బస్సులు డిపోల్లో కూర్చున్నాయి. నెలలు నిండిన పిల్లని దొరికిన బండిలో కుదిపి పంపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అలా పురుడు పోసే భాగ్యం అత్తగారు నాగేశ్వరికి దక్కింది. ఆవిడ ఏ భాగ్యాన్నీ తేలిగ్గా తీసుకునే మనిషి కాదు.

నాగేశ్వరిది భీమవరం పక్కన పల్లెటూరు. హైదరాబాదు వచ్చి పాతికేళ్ళు దాటింది. ఈ పాతికేళ్ళలో ఆవిడ ఇంటికి వాషింగ్ మెషీన్ వచ్చింది, ఏసీ వచ్చింది, ఇంటర్నెట్ వచ్చింది. బాలింత పథ్యం దగ్గరికి మాత్రం ఏదీ రాలేకపోయింది. తలకి గుడ్డ, చెవుల్లో దూది. పొద్దున శొంఠి ముద్ద. రెండు పూటలా పాత బియ్యం అన్నం, అందులో వెల్లుల్లి కారం, చెంచాడు నెయ్యి. పప్పు తింటే పాపకి కడుపుబ్బరం. పెరుగు తింటే జలుబు. ఆకుకూర తింటే విరేచనాలు. గుడ్డు వేడి. అరటిపండు గురించి సింధూర అడిగినప్పుడు ఆవిడ పిచ్చిపిల్ల అన్నట్టు జాలిగా చూసింది. ఇక నీళ్ళు కాచి చల్లార్చినవి, చిన్న స్టీలు గ్లాసుతో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

"బాలింత నీళ్ళు తాగితే పొట్ట జారిపోతుందమ్మాయ్. మా ఊళ్ళో ఎవర్నైనా అడుగు" అనేది నాగేశ్వరి. నాలుగు వందల కిలోమీటర్ల అవతల ఉన్న ఊరిని, అదీ బస్సులు లేని రోజుల్లో, ఎవరు పోయి అడుగుతారు?

సింధూర భర్త గౌతమ్‌ని అడిగి చూసింది. అతను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. ఆఫీసులో పెద్ద పెద్ద కంపెనీల తప్పులు పట్టుకుంటాడని జీతం ఇస్తారు. ఇంట్లో వాళ్ళమ్మ తప్పు పట్టుకోమని మాత్రం ఎవరూ జీతం ఇవ్వరు. "అమ్మకి అనుభవం ఉంది సింధూ. నన్ను చూడు, ఎలా పెరిగానో!" అని బొజ్జ మీద చెయ్యి వేసుకున్నాడు.

నిజానికి ఆ బొజ్జ డబ్బా పాల మీద మొదలైంది. ఆ సంగతి నాగేశ్వరే గర్వంగా చెబుతుంది. "నాకు చుక్క పాలు పడలేదు. మా వాణ్ణి మొదటి నెల నుంచి డబ్బాతోనే పెంచాను. ఏం తక్కువైంది?"

పద్నాలుగో రోజున ఎల్బీ నగర్‌లో పిల్లల డాక్టరు దగ్గర పాపని తూచారు. పుట్టినప్పుడు రెండు కిలోల ఎనిమిది వందలు. ఇప్పుడు రెండు కిలోల ఆరు వందలు. డాక్టరమ్మ పాపనీ, కాగితాన్నీ, తలకి గుడ్డ కట్టుకున్న తల్లినీ వరసగా చూసింది.

"ఈపాటికి పుట్టిన బరువుకి తిరిగి రావాలమ్మా. నువ్వు కడుపు నిండా తిను, నీళ్ళు బాగా తాగు, పాప ఏడ్చినప్పుడల్లా పట్టు. పదకొండు రోజులాగి తీసుకురండి. అప్పటికీ పెరక్కపోతే డబ్బా పాలు మొదలుపెట్టక తప్పదు."

నాగేశ్వరి ఎంతో వినయంగా తలూపింది. ఆటో ఎక్కాక, "పెళ్ళి కూడా కాని పిల్ల, ఆవిడ నాకు బాలింతల గురించి చెబుతోంది!" అంది. బరువు తగ్గిందంటే పథ్యం ఎక్కడో సడలిందని తేల్చి, సాయంత్రం గ్లాసు నీళ్ళు కూడా రద్దు చేసింది. దార్లో దిగి పాల డబ్బా కొని తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది. ఆ డబ్బా మీద బుగ్గలు పొంగిన పిల్లాడి బొమ్మ ఒకటి. సింధూర అటు వచ్చినా ఇటు వెళ్ళినా వాడు ఆమె వంకే చూసి నవ్వుతున్నట్టుండేది. ఆమెకి వాడంటే భయం పట్టుకుంది. తన పాప తన దగ్గర నోరు పెట్టి, పాలు రాక, ఏడ్చి, విసిగి, మళ్ళీ నోరు పెట్టేది. ఆ ఏడుపు వింటూ సింధూర గోడకేసి తిరిగి తనూ ఏడ్చేది. డబ్బా ఒకసారి తెరిస్తే ఇక పాప తన దగ్గరికి రాదని ఆమెకి గట్టిగా అనిపించింది.

తల్లికీ పిల్లకీ నీళ్ళు పోయడానికి సరూర్‌నగర్ నుంచి రాములమ్మ వచ్చేది. ఆమె కొడుకు ఆనంద్ కుమార్ బస్సు కండక్టరు. సమ్మె కాబట్టి టికెట్లు కొట్టడం మాని టెంటు దగ్గర పప్పు గరిటె పట్టుకున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన మర్నాడు రాములమ్మ పొగలు కక్కే నీళ్ళు సింధూర తల మీద పోస్తూ ఉన్నట్టుండి చెంబు ఆపేసింది. సింధూర మొహం పైకెత్తి నోరు తెరిచి, జారుతున్న నీళ్ళని గుటకలు వేస్తోంది.

"ఏంది బిడ్డా గిది! తానం నీళ్ళు తాగుతున్నవా?"

సింధూర సిగ్గుతో మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

"ఓ ప్రభువా!" అంది రాములమ్మ. చెంబు కింద పెట్టి గుమ్మం వంక చూసి గొంతు తగ్గించింది. "గిట్ల ఎండబెట్టి పాలు రావాల్నంటే ఏడికెళ్ళి ఒస్తయ్? నేను తిండి తెద్దామంటే అమ్మగారు నా సంచి జూస్తది. నువ్వే పో. రోడ్డు మీద మావోల్లు దినాం వంటావార్పు వెడ్తున్నరు. ఒచ్చినోల్లకు ఒచ్చినట్టు అన్నం వెడ్తరు. పగటిపూట అమ్మగారు పండుకున్నంక నేను పిల్ల కాడ కూసుంట."

వంటావార్పు అంటే సమ్మె చేసేవాళ్ళు నడిరోడ్డు మీద మూడు రాళ్ళు పెట్టి, వండుకుని, అక్కడే తిని నిరసన తెలపడం. వెంకట్రావు గారు దాన్ని టీవీలో చూసి రోజూ ఆవేశపడేవారు. "రోడ్డు మీద తింటే రాష్ట్రం వస్తుందా?" అని టీవీని నిలదీసేవారు. టీవీ ఏనాడూ బదులివ్వలేదు. రాష్ట్రం సంగతేమో గానీ పాలు వస్తాయా అన్నది ఆ ఇంట్లో ఎవరికీ తట్టని ప్రశ్న.

మధ్యాహ్నం పన్నెండున్నరకి నాగేశ్వరి నడుం వాల్చింది. రాములమ్మ పాప కాళ్ళు ఒత్తే నెపంతో వచ్చి గదిలో కూర్చుంది. సింధూర తల గుడ్డ మీదే చున్నీ కప్పుకుని వెనక ఇనప మెట్లు దిగింది. రెండు సందులు దాటేసరికి పోపు వాసన వచ్చింది. ఆమె కాళ్ళు వాటంతటవే పరిగెత్తాయి.

బస్సుల్లేని రోడ్డు మీద పట్టాలు పరిచి జనం బారుగా కూర్చున్నారు. ఆనంద్ కుమార్ ఆమెని చూడగానే, "అమ్మ జెప్పిందక్కా, గీడ కూసో" అని విస్తరాకు వేశాడు. అన్నం పెట్టాడు. పప్పు గరిటె ఎత్తి అలాగే ఆపాడు.

"జై తెలంగాణ అనాలె అక్కా. గీడ రూలు గదే."

సింధూర తెనాలి పిల్ల, భీమవరం కోడలు. మామగారి రక్తపోటు కళ్ళ ముందు మెదిలింది. గరిటెలో తోటకూర పప్పు ఆవిర్లు చిమ్ముతోంది.

"జై తెలంగాణ" అంది గొణుగుతూ.

"వినవడలే."

"జై తెలంగాణ!" అని అరిచింది. రెండు గరిటెల పప్పు పడింది.

ఆ పూట ఆమె ఎంత తిందో లెక్క లేదు. నాలుగు గ్లాసుల నీళ్ళు తాగింది, ఆపైన మజ్జిగ తాగింది. చివరి గ్లాసు దగ్గర కళ్ళనీళ్ళు వచ్చాయి. పక్కనున్న ముసలమ్మ రాష్ట్రం కోసం ఏడుస్తోందనుకుని వీపు నిమిరి, "ఒస్తది బిడ్డా, తప్పకుండ ఒస్తది" అంది. సింధూర పాలను తలుచుకుని గట్టిగా తలూపింది.

తర్వాత తొమ్మిది రోజులూ అదే వరస. రోజుకో సంఘం వండేది కాబట్టి సింధూరకి ఉద్యమం లోతుపాతులు బాగా తెలిశాయి. టీచర్లు ఉప్పు తక్కువ వేస్తారు. లాయర్లకి వాదన వచ్చినంత బాగా వంకాయ రాదు. మున్సిపాలిటీ వాళ్ళ కోడిగుడ్డు పులుసుకి మాత్రం ఏ రాష్ట్రమైనా ఇచ్చెయ్యవచ్చు. నినాదం ఆమెకి నోటికి పట్టేసింది. విస్తట్లో పప్పు పడగానే చెయ్యి దానంతటదే పైకి లేచేది. ఇటు ఇంట్లో పాప నిండుగా తాగి, నోటి పక్క నుంచి పాలు కారుతూ నిద్రపోయేది. వెల్లుల్లి కారం అన్నం కోడలు సగమే తింటున్నా నాగేశ్వరి కంగారుపడలేదు. కడుపు మాడ్చుకోవడం అలవాటవుతోందని మెచ్చుకుంది.

డాక్టరమ్మ రమ్మన్న పదకొండో రోజు పొద్దున సమ్మె వాయిదా పడిందని టీవీలో చెప్పారు. వెంకట్రావు గారు సంబరంగా స్వీట్లు తెప్పించారు. ఆ వార్తకి ఆ వీధిలోని ఆంధ్రా ఇళ్ళన్నిటిలోనూ దిగులుపడ్డది సింధూర ఒక్కతే.

ఆ పొద్దునే అత్తాకోడళ్ళు పాపని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. హాల్లోనే నర్సు తూచింది. రెండు కిలోల తొమ్మిది వందల యాభై. సింధూర పాపని గుండెకి హత్తుకుంది. నాగేశ్వరి హాలంతా కలయజూసింది. అంత మంది ఉన్న హాల్లో ఊరికే కూర్చోవడం ఆవిడ వల్ల కాదు.

పక్క కుర్చీలో సాధన అనే సన్నటి అమ్మాయి పది రోజుల బిడ్డతో కూర్చుని బాటిల్‌తో నీళ్ళు తాగుతోంది. నాగేశ్వరి ఆమె వైపు జరిగింది.

"పాలు చాలట్లేదా అమ్మా? చాలవు మరి. ఆ నీళ్ళు మానెయ్యి. పప్పు ముట్టుకోకు. ఇదిగో, మా కోడల్ని నా పథ్యంలో పెట్టాను. పదకొండు రోజుల్లో మనవరాలు మూడొందల యాభై గ్రాములు పెరిగింది!"

సాధన భక్తిగా విని, బాటిల్ మూత బిగించి సంచిలో పెట్టేసింది.

సింధూర ఆ సంచినే చూస్తూ ఉండిపోయింది. నోరు మూసుకుంటే అత్తగారికి గౌరవం, తనకి మనశ్శాంతి. పాప ఎలాగూ గట్టెక్కింది. కానీ ఆ మూత బిగిసిన చప్పుడు ఆమె గొంతులో పాత దాహాన్ని లేపింది.

"ఆ బాటిల్ బయటికి తియ్యండి. తాగండి" అంది సాధనతో. "నేను పథ్యం చెయ్యలేదు. రోజూ మధ్యాహ్నం దొంగతనంగా రోడ్డు మీదకి వెళ్ళి వంటావార్పులో తిన్నాను. పప్పు, గుడ్లు, మజ్జిగ. కడుపు నిండా నీళ్ళు తాగాను. నా పాప పెరిగింది అందుకే. అత్తయ్యగారూ, నన్ను క్షమించండి."

సాధన బాటిల్ మళ్ళీ బయటికి తీసింది. నాగేశ్వరి ఏదో అనబోయి, మనవరాలి బుగ్గలు చూసి, ఆగిపోయింది.

ఆటో ఎక్కారు. కొత్తపేట దగ్గర టెంటు విప్పుతున్నారు. రోడ్డు మీద మసి పట్టిన మూడు రాళ్ళు మిగిలాయి.

"ఇక్కడేనా?"

"ఇక్కడే అత్తయ్యగారూ."

నాగేశ్వరి ఆ రాళ్ళ వంక ఆటో దాటేదాకా చూసింది. ఆవిడ మాట్లాడినప్పుడు ఆ గొంతు సింధూర ఎప్పుడూ విననిది.

"నాకు పాలు పడలేదని మా అత్తగారు ఊరంతా చెప్పింది. ఎండిపోయిన ఒళ్ళంది. నేనూ నిజమే అనుకున్నాను. ఇరవై ఏడేళ్ళు. వాడు నా దగ్గర ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవాడు. ఆ నెలంతా నాకు ఎంత దాహం వేసేదో తెలుసా, అమ్మాయ్? నీళ్ళ చెంబు తాళం వేసిన గదిలో ఉండేది."

సింధూరకి ఆవిడ మీద ఇన్నాళ్ళుగా ఉన్న కోపం ఎటుపోయిందో తెలియలేదు. పాపని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఇల్లు వచ్చేదాకా ఇద్దరూ ఏడ్చారు. ఆటో అతను మర్యాదగా అద్దం పక్కకి తిప్పుకున్నాడు.

ఇంటికి రాగానే నాగేశ్వరి ఎవరితోనూ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళింది. రాములమ్మని పిలిచి, "ఆ తోటకూర పప్పు మీవాళ్ళు ఎలా చేస్తారు?" అని అడిగింది, అడగడం ఇష్టం లేనట్టు మొహం పెట్టి. మధ్యాహ్నానికి కోడలికి హాల్లోనే కంచం పెట్టింది. పక్కన పెద్ద చెంబుతో నీళ్ళు. వెంకట్రావు గారు స్వీటు నములుతూ టీవీకి అతుక్కుపోయి ఉన్నారు.

వేడి అన్నం మీద గరిటెడు పప్పు పడింది. సింధూర చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"జై తెలంగాణ!"

వెంకట్రావు గారి చేతిలో రిమోట్ కింద పడింది. "ఎవరది?" అని గర్జిస్తూ వెనక్కి తిరిగారు.

సింధూర చెయ్యి గాల్లోనే బిగుసుకుపోయింది. నాగేశ్వరి గరిటె గిన్నెలో పెట్టి, గ్లాసు అంచు దాకా నీళ్ళు పోసి కోడలి ముందు పెట్టింది.

"నేనేనండీ. మీరు టీవీ చూసుకోండి" అంది. ఇంకో గ్లాసు నింపి, నిలబడే గటగటా తాగేసింది.