అక్క ఇచ్చిన ముక్క

ఇద్దరూ కవలలు, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటారు. కాస్త ముందు బయటపడినందుకు ఒకామె జీవితాంతం అక్క అయి కూర్చుంది. ఆ పెద్దరికం ఆవిడ ఎన్నడూ వదులుకోలేదు. గౌను ఇచ్చినా, గొడుగు ఇచ్చినా "వాడుకుని ఇచ్చెయ్" అని తోక తగిలించేది. చెల్లెలు బుద్ధిగా ఇచ్చేసేది.

వాళ్ల మధ్య ఒక్క తేడా మాత్రం పైకి కనబడదు. చెల్లెలి అండాశయాలు ఇరవయ్యేళ్లు దాటగానే నిద్రపోయాయి. ఎందుకో చెప్పినవాళ్లు లేరు. నెలసరి ఆగిపోయి, ముట్లుడిగినవాళ్లకి వచ్చినట్టే ఒంట్లో సెగలు మొదలయ్యాయి. చిరుగులు కనబడకుండా కుట్టే దుకాణంలో, ఫ్యాను కింద కూడా చెమటలు కక్కుతూ, ఆమె ఎవరెవరివో కోట్లు బాగుచేసేది. బిడ్డ కావాలన్న కోరికను మనసులోనే మడతపెట్టుకుంది. భర్త పల్లెత్తు మాట అనలేదు, అదే ఆమెకి మరీ కష్టంగా ఉండేది. అక్క పిల్లలు "పిన్నీ" అని మెడకి చుట్టుకుంటే ప్రాణం లేచొచ్చేది, వాళ్లు వెళ్లిపోయాక మనసు ఉసూరుమనేది.

చివరికి అక్కే ఆసుపత్రిలో తేల్చేసింది. "నాది కొంచెం కోసి దీనికి పెట్టండి. ఒకే తాను ముక్కలం, దీని ఒంటికి తేడా తెలీదు."

అలాగే అక్క అండాశయం నుంచి పలచటి ముక్క తీసి చెల్లెలి లోపల కుట్టారు. మత్తు దిగగానే చెల్లెలు అడిగింది, "అతుకు నిలుస్తుందా డాక్టరుగారూ?"

"కుట్టడం వరకే మా పని," అంది డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని. "ఇప్పుడు దానికి రక్తం అందదు. ఊపిరాడక అదొక పదార్థాన్ని వదులుతుంది. గ్రోత్ ఫ్యాక్టర్ అంటాం. అది తగిలితే చుట్టూ ఉన్న నీ రక్తనాళాలు చిగుళ్లు వేసి అటు పాకుతాయి. వేళకి చేరితే బతుకుతుంది. లేకపోతే ఎండిపోతుంది."

"అంటే, అది పిలుస్తుంది."

"పిలుస్తుంది. నీ ఒళ్లు పలకాలి."

ఇన్నేళ్లుగా దేనికీ పలకని ఒళ్లు ఇప్పుడు పలుకుతుందా అని ఆమెకి బెంగ పట్టుకుంది. మధ్యాహ్నాలు సూది చేతిలో ఉండగానే కళ్లు మూతలు పడేవి. తెరలు దించిన గదిలో ఎవరో చిన్నగా పిలుస్తున్నట్టుండేది. గొంతు అక్కదే. గోడల్లోంచి ఎర్రటి దారాలు వెతుక్కుంటూ అటువైపు సాగిపోయేవి. ఆమె వాటి వెనకే నడిచేది, ఎంత నడిచినా గది దగ్గరయ్యేది కాదు. మెలకువ వచ్చేసరికి ఒళ్లో ఎవరిదో కోటు, ఒంట్లో అవే సెగలు.

"ఏమైనా తెలుస్తోందా?" అని అక్క ఫోను.

"ఏం లేదక్కా."

"అది నా ముక్కే. నోరు మూసుకుని ఊరుకునే రకం కాదు."

నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కునుకులోంచి లేచేసరికి ఆమెకి చలేసింది. ఫ్యాను ఎప్పటిలాగే తిరుగుతోంది, చెమట మాత్రం లేదు. బాగుచేస్తున్న కోటునే భుజాల మీద కప్పుకుని, సూది దారం ఎక్కడివక్కడ వదిలేసి, కదిలితే ఆ చలి ఎక్కడ పోతుందోనని అలాగే కూర్చుండిపోయింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

స్కానింగులో చిన్న నల్లటి చుక్క కనబడింది. "ఇదే," అంది డాక్టరమ్మ. "లోపల గుడ్డు ఉంది. చుట్టూ ఉన్న కణాలు దాన్ని పోషిస్తున్నాయి, అది కూడా వాటికి తన గ్రోత్ ఫ్యాక్టర్లు పంపి పెరగమంటోంది. బిడ్డ పుడుతుందని మాటివ్వలేను. కానీ నిద్ర మాత్రం లేచింది."

పక్కనున్న అక్క తెర మీదనుంచి చూపు తిప్పలేదు.

చెల్లెలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "దీన్ని కూడా వాడుకుని ఇచ్చెయ్యాలా అక్కా?"

అక్క తల అడ్డంగా ఊపి కళ్లు తుడుచుకుంది.

"ఉంచుకోవే," అంది. ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదటిసారి.