వయసులో ఉన్నదానివి, నీకేం

ముసలామెను గోడవైపు ఒత్తిగిలబెట్టి, తడిసిన దుప్పటిని నడుం దాకా చుట్టి, పొడిది పరిచి, మళ్ళీ ఇటు దొర్లించి తడిదాన్ని లాగేసింది పనిపిల్ల. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఇంటి కోడలు, "నా నడుమైతే ఈపాటికి పట్టేసేది. నువ్వు వయసులో ఉన్నదానివి, నీకేం" అంది.

ఆ మాట వినడం మొదలుపెట్టి మూడు వందల ఏళ్ళు దాటింది. ఇరవై నిండేదాకా అందరిలాగే పెరిగింది, ఆ తర్వాత వయసు నత్తనడక పట్టింది. లోకానికి నలభై ఏళ్ళు గడిస్తే ఆమెకు ఒక్కటి. ఎవరికైనా చెబితే వరమంటారు. వరం ఎవరికో ఆమెకు తెలుసు. మొదటి అత్తగారు రోలు ముందు కూర్చోబెట్టి ఆ మాటే అంది. సీసాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, రెండో షిఫ్టు కూడా నెత్తిన పెట్టి ఆ మాటే అన్నాడు. మొగుళ్ళు మంచాన పడ్డాక మాత్రం మాట కాస్త మార్చారు. "నేనిలా ఎండిపోతుంటే నువ్వలా నిగనిగలాడతావేం?" అని ఒకడు మూతి తుడిపించుకుంటూ అడిగాడు. తుడిచిన చేతికి థాంక్సు చెప్పిన మొగుడు నాలుగు కాపురాల్లోనూ తగల్లేదు. అలసట మొహంలో కనబడాలి, కనబడకపోతే లేనట్టే. ఆమె అలసటంతా ఎముకల్లో ఉంది, ఎముకల్ని ఎవరు చూస్తారు?

మంచం మీది ముసలామె ఆమె కూతురు. కన్న పిల్లల్లో మిగిలింది ఇదొక్కతే, మిగతా వాళ్ళంతా నెత్తి నెరిసి ఆమె చేతుల్లోనే పోయారు. కూతురికి ముప్ఫై దాటిన ఏడు, పక్కింటావిడ ఆమెను చూపించి "మీ చెల్లెలా అండీ?" అని అడిగింది. కూతురు మొహం మాడిపోయింది. ఇంట్లోకొచ్చి, "ఇకనుంచి నిన్ను అమ్మా అనను. నువ్వూ అనిపించుకోకు" అంది. అలా తల్లి కాస్తా చెల్లెలైంది. కొన్నేళ్ళకు కూతురి కొడుక్కి పిన్నయింది. వాడికి మీసాలొచ్చే వేళకు ఆ వరసా నప్పక వేరే ఊళ్ళు పట్టి పోయింది. అయిదేళ్ళ క్రితం కూతురు మంచాన పడిందని తెలిసి, దూరపు చుట్టాల పిల్లనని చెప్పుకుని, ఆమెను చూసుకునే పనికి కుదిరింది. యాభై దాటిన మనవడు తలుపు తీసి, "మా పిన్ని పోలికలున్నాయే నీలో" అన్నాడు. అని పేపర్లో తల దూర్చాడు. పనిపిల్ల మొహం రెండోసారి చూసే ఓపిక ఎవడికుంటుంది?

ఆమె వచ్చింది ఒక్క పిలుపు కోసం. పోయేలోపు కూతురు ఒక్కసారి అమ్మా అంటే చాలు. తమాషా ఏమిటంటే, ఆ ఇంట్లో అందరూ ఆమెను అమ్మా అనే పిలుస్తారు. కాఫీ ఇవ్వమ్మా. బాత్రూమ్ కడిగావామ్మా. కూరగాయల వాడూ అంతే, మీటరు చూసేవాడూ అంతే. ఊరంతా చిల్లరలా విసిరేసే మాటే అది. కూతురు ఒక్కతే ఆచితూచి "ఏమే పిల్లా" అనేది. ఆ జాగ్రత్తలోనే ఆమె తన పేగుబంధాన్ని వెతుక్కునేది. ఈమధ్య కూతురికి మతి తప్పి ఆ పిలుపూ ఆగిపోయింది.

ఒక ఉదయం డాక్టరమ్మ వచ్చి నాడి చూస్తుండగా కూతురు కళ్ళు తెరిచి, "అమ్మా" అంది. గది నిండా మనుషులు. కోడలు నవ్వుతూ, "నిన్నే పిలుస్తోందమ్మా, వెళ్ళు. మా అత్తయ్యకి ఆఖరికి నువ్వే తల్లివయ్యావు" అంది. అందరూ నవ్వారు. తననా, డాక్టరమ్మనా, నొప్పికి మూలిగిందా? ఆమెకు తేలలేదు. అందరూ వెళ్ళాక కూతురు తల తడుముకుంటూ, "అమ్మా, జడెయ్యి. నాలుగు పాయలు" అంది.

కూతురి చిన్నప్పుడు ఆమె వేసిన నాలుగు పాయల జడ ఆ ఇంట్లో ఇంకెవరికీ రాదు. దువ్వెనకు అందనంత పలచబడ్డ తెల్లవెంట్రుకల్ని నాలుగుగా విడదీసి, ఒకదాని మీంచి ఒకటి దాటిస్తూ అల్లింది. బొటనవేలంత జడ. అరవై ఏళ్ళ ఆకలి ఆమె వేళ్ళలోకి దిగింది. మెడ వంచి వేయించుకుంటున్న కూతురు, మొన్నటిదాకా మతి లేని ఆ మనిషి, తేటగా మాట్లాడింది.

"అమ్మా, నా మనవరాలికి నెలలు నిండుతున్నాయి. నేను పోయాక దాని దగ్గరికి వెళ్ళు. పాపం, ఒక్కత్తీ చేసుకోలేదు. నువ్వు వయసులో ఉన్నదానివి, నీకేం."

జడ కొస దగ్గర చెయ్యి ఆగిపోయింది. అందరూ తెలియక అన్నారని మూడు వందల ఏళ్ళూ సర్దుకుంది. ఇది తెలిసి అన్నది.

నాలుగో రోజు కూతురు పోయింది. అంతా అయిపోయాక ఆమె సంచిలో రెండు జతల బట్టలు కుక్కుకుంది. కోడలు మనవరాలి సంగతి ఎత్తింది. తిండి పెడతారు, గది ఇస్తారు, ఇంటి పిల్లలాగే చూసుకుంటారు. మొదటిసారిగా ఆమె కాదంది. "నేను వెళ్ళనండీ. నాకిక ఓపిక లేదు. ముసలిదాన్నైపోయాను."

కోడలు పకపకా నవ్వింది. కోపగించుకోలేదు, పాపం మంచిదే. దగ్గరికొచ్చి నుదుటి మీద పడ్డ వెంట్రుకలు పైకి తోసి, ఓదార్పుగా అంది. "పిచ్చిదానా, ఒకళ్ళు పోతేనే ఇలా అయిపోతే ఎలా? నీ ముందు ఇంకా బోలెడంత జీవితం ఉంది."

కూతురి దగ్గర రాని ఏడుపు అప్పుడొచ్చింది.