ఎడమకు లాగే జీపు

లేదా మొదటి నుంచీ వంకర తన చేతుల్లోనే ఉందేమో అనుకుంది ఆమె. గోడకు మేకు కొడితే పక్కకు వంగుతుంది. గుడ్డ కత్తిరిస్తే కత్తెర గీత దాటుతుంది. మొక్కల కుండీలు వరసగా పెట్టి వెనక్కి వచ్చి చూసుకుంటే, చివరికి వచ్చేసరికి ఆ వరస ఎడమకు జరిగి ఉంటుంది. వెతికితే సాక్ష్యాలకేం కొదవ? నేరం మోపింది తన మీద తనే అయితే సాక్షులు పిలవకుండానే వస్తారు.

"అక్కా, ఎక్కడున్నావ్? నిన్నే. ఇక్కడ చెవి పెట్టు."

తమ్ముడు చిన్న సుత్తితో జీపు పక్క రేకు మీద కొట్టాడు. ముందు చక్రం పైన టంగుమంది. తలుపు దాటేసరికి పిండిముద్ద మీద కొట్టినట్టు దబ్బుమంది.

"ఇక్కడి నుంచి వెనక దీపం దాకా రేకు లేదు. అంతా పుట్టీ. లోపల ఏముందో తెలుసా? చిల్లు మూయడానికి గోనెగుడ్డ కుక్కి, దాని మీద పుట్టీ మెత్తి, పైన రంగు పూశారు. బావా, దీన్ని బండి అనకు. కట్టు విప్పని పుండు."

షెడ్డు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న ఆమె భర్త నల్ల కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"నడిచిందా, లేదా?"

"నడిచింది."

"మరి? నడిచే బండికి వంకలు పెట్టేవాడే బావమరిదని పెద్దలు ఊరికే అన్నారా?"

"పెద్దలు అలా ఎప్పుడూ అనలేదు."

"ఇప్పుడు అన్నాను కదా. నీకంటే పెద్దవాణ్ణేగా."

ఆమె నవ్వింది. నవ్వుతూనే జీపు వెనక సీటు మీదున్న దిండును చూసింది. దాని గలేబు మాసిపోయింది, ఒక మూల కుట్టు ఊడిపోయింది. ఆమె నడిపిన రోజుల్లో దాన్ని వీపు వెనక పెట్టుకునేది. డ్రైవరు సీటు పట్టాలు తుప్పు పట్టి కదలకపోతే, ఆయన తన కాళ్ళ పొడవుకు సరిపోయే చోట సీటును వెల్డింగ్ పెట్టించేశాడు. ఆమె పాదం క్లచ్‌ మీద పూర్తిగా ఆనేది కాదు. అందుకే ఆ దిండు.

తమ్ముడు లారీలు బాగుచేసే షెడ్డులో పని చేస్తాడు. సెలవు పెట్టి అక్క ఇంటికి వచ్చాడు. ఎందుకొచ్చాడో ముగ్గురికీ తెలుసు. ఆయన కంటి వెనక పొర చిరిగింది. అతికించారు కానీ చూపు పూర్తిగా రాలేదు, ఇక స్టీరింగు పట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. ఆ రోజు నుంచి జీపు ఇంటి పక్క షెడ్డులో టార్పాలిన్ కిందే ఉంది. మొక్కల తోట గుట్ట మీద ఉంది. నారుమళ్ళూ, అంట్లూ, పెద్ద కుండీలూ అన్నీ ఆ పైనే. అక్కడికి పోయే బాట ఒక మలుపు దగ్గర రాళ్ళూ గుంతలుగా మారి, మామూలు బండ్లను వెనక్కి పంపేస్తుంది. ఈ జీపు ఒక్కటే ఎక్కుతుంది. అంటే వానలు మొదలయ్యేలోగా జీపు బాగుపడాలి, ఆమె దాన్ని నడపాలి. లేకపోతే తోట వదులుకోవాలి. తోట కొనుక్కునే మనిషిని ఆయన అప్పటికే చూసి పెట్టాడు. "నీ ఇష్టం" అన్నాడు ఆమెతో. ఆయన నోట ఆ మాట వస్తే తలుపు తీసినట్టుండదు, గడియ వేసినట్టుంటుంది.

తోట ఆమెది. మొదట ఆయనకు అదొక కాలక్షేపంగా కనిపించింది, తర్వాత ఇల్లు గడిచేది దాని మీదే అయింది. ఇప్పుడు మొక్కలు ఎవరు నీళ్ళు పోస్తే వాళ్ళవి అన్నట్టు మాట్లాడుతున్నాడు. ఆయన తప్పు కాదేమో, చూపు తగ్గిన మనిషికి అన్నీ దూరంగానే కనపడతాయేమో అని ఆమె అనుకుంది. ఎవరు ఏం చేసినా దానికో కారణం వెతికి చేతిలో పెట్టడం ఆమెకు అలవాటు. తన విషయంలో తప్ప.

తమ్ముడు డాష్‌బోర్డు విప్పాడు. ఒక స్విచ్చి పాడైతే దాన్ని తీసి కొత్తది పెట్టడం ఆయన పద్ధతి కాదు. పాడైనది అక్కడే ఉండేది, పక్కన ఇంకోటి పుట్టేది. హారన్ బటన్ పోయినప్పుడు ఇంటి కాలింగ్ బెల్ స్విచ్చి తెచ్చి బిగించాడు. దీపాలకు రెండు స్విచ్చులు, రెండూ కలిపి నొక్కితేనే వెలిగేవి. ఆ సంగతి ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకసారి బండి అడిగి తీసుకెళ్ళిన పక్కింటాయన చీకటి పడ్డాక హారన్ కొట్టుకుంటూ నడిపించుకొచ్చాడు.

"ఈ తీగ ఎక్కడికి పోతుంది బావా?"

"ఎక్కడికీ పోదు. ఒకప్పుడు పోయేది."

"మరి ఎందుకుంచావు?"

"ఉంటే ఏం? తిండి పెట్టమంటోందా?"

తమ్ముడు తీగల చుట్ట నేల మీద పడేశాడు. పెట్రోలు ట్యాంకు చిల్లుకు మెత్తిన సబ్బు గోకి తీశాడు. ఆయన కొంచెంసేపు అన్నిటికీ జవాబు చెప్పాడు. తర్వాత ఆ జవాబులు తక్కువైపోయాయి.

ఆమె తీగలను ఏరుతూ గేటు వైపు చూసింది. గేటు ఆకుపచ్చగా ఉంది. ఎడమ స్తంభం మూల కొత్త సిమెంటుతో గుండ్రంగా ఉంది. కొత్త అంటే ఎన్నో ఏళ్ళ కిందటిదే. కానీ ఆమె కంటికి అది ఎప్పుడూ పాతబడలేదు.

ఆ స్తంభం మూల విరగకముందే ఆయనతో చెప్పింది. "ఏమండీ, బండి ఎడమకి లాగుతోంది" అంది. ఆయన పేపరు మడిచి, "ఆడలేక మద్దెల ఓడంది వెనకటికొకతె" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అది గుర్తుంది. తర్వాత కొన్నాళ్ళకు తోట నుంచి వస్తూ, గేటు దగ్గర కుక్క అడ్డం వస్తే బ్రేకు గట్టిగా తొక్కింది. బండి ఎవరో ముక్కుతాడు లాగినట్టు ఎడమకు పోయి స్తంభానికి గుద్దుకుంది. దీపం పగిలింది. కుక్కకేం కాలేదు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, అరుపు గాలిలో పోతుంది. ఆయన పగిలిన దీపం చూసి, నెమ్మదిగా, ఒంట్లో నలతగా ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు, "బండిది కాదు. నీ చేతుల్లోనే ఉంది" అన్నాడు. ఆ తర్వాత ఆమె పక్క సీట్లోకి మారింది. ఎవరూ మారమనలేదు. ఆయనే స్తంభం కట్టించాడు, గేటుకు కొత్త రంగు తనే వేశాడు. రంగు వేస్తూ ఈల వేశాడు.

"అక్కా, ఈ దీపం పట్టుకో. బావా, నువ్వూ రా ఒకసారి."

తమ్ముడు జీపును దుంగల మీద ఎక్కించి కిందికి దూరాడు. వెనక చక్రం నడిబొడ్డు నుంచి ముందు చక్రం నడిబొడ్డు దాకా తాడు పట్టి కుడిపక్క కొలిచాడు. అదే తాడుతో ఎడమపక్క కొలిస్తే తాడు రెండు వేళ్ళ మందం మిగిలింది.

"ముందు ఎడమ చక్రం వెనక్కి జరిగింది" అన్నాడు. "ఇదిగో, ఈ పట్టీల కట్టే కమాను. ఇరుసు దీని మీదే కూర్చుంటుంది. జరక్కుండా మధ్యలో ఒక బోల్టు పట్టుకుని ఉంటుంది. ఆ బోల్టు విరిగింది. విరిగితే ఏం చేయాలి? కమాను దించి కొత్త బోల్టు వెయ్యాలి. ఎవడో మహానుభావుడు జరిగిన చోటే ఉంచి వెల్డింగ్ పెట్టాడు. ఇలా ఉన్న బండి ఎడమకి లాగక ఏం చేస్తుంది? బ్రేకు తొక్కితే ఇక చెప్పక్కర్లేదు."

ఆమె దీపం పట్టుకుని వంగి చూస్తోంది.

తమ్ముడు ఇనప బ్రష్షుతో గ్రీజూ మట్టీ రుద్దాడు. వెల్డింగ్ గడ్డలు బయటపడ్డాయి. వాటి మీద రంగు కూడా బయటపడింది.

"ఇదేంటి, బండంతా బూడిద రంగైతే ఇక్కడ ఆకుపచ్చ వేశారు?" అన్నాడు. "చేతికందిన డబ్బా ముంచి పూసినట్టున్నారు."

ఆమె తల ఎత్తి గేటు వైపు చూడలేదు. అవసరం లేకపోయింది. ఆ ఆకుపచ్చ వీధిలో ఇంకెవరి గేటుకూ లేదు. నాలుగు రంగులు చూసి, చివరికి ఎవరూ కొనని ముదురు రంగు తెచ్చారని ఆయన్ని తనే ఆటపట్టించింది.

అంటే గేటుకు రంగు వేసిన రోజుల్లోనే ఆయన బండి కిందికి దూరాడు. విరిగిన బోల్టు చూశాడు. చూసి, మూసి, పైన రంగు పూసి, చెయ్యి తుడుచుకుని వచ్చి అన్నం తిన్నాడు.

"మంచినీళ్ళు తెస్తా" అని ఆయన లేచాడు. బిందె షెడ్డులోనే ఉంది. ఆయన ఇంట్లోకి వెళ్ళాడు.

తమ్ముడు అక్క మొహం చూశాడు. "ఏమైంది?"

"ఏం లేదు. దీపం బరువుగా ఉంది" అంది.

ఆ పూట భోజనాల దగ్గర తమ్ముడొక్కడే మాట్లాడాడు. లారీ షెడ్డు యజమాని తన మేకకు పేరు పెట్టిన కథ చెప్పాడు. ఎవరూ సమయానికి నవ్వలేదు. ఆమె భర్త విస్తట్లో మెతుకులు ఒక పక్కకు జరుపుతూ కూర్చున్నాడు.

"ఏమండీ" అంది ఆమె, పెరుగు వడ్డిస్తూ. "ఆ ఆకుపచ్చ రంగు డబ్బాలో ఇంకా ఏమైనా మిగిలిందా?"

ఆయన చెయ్యి ఆగింది.

"ఎండిపోయింది" అన్నాడు.

"అవునా. బండి కింద ఇంకా పట్టే ఉంది, తమ్ముడు రుద్దినా పోలేదు."

అంతే. ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. వంటగదిలో నిలబడి తన కోపం కోసం ఎదురుచూసింది. వస్తుందనుకుంది. వచ్చింది కోపం కాదు, ఏదో పోగొట్టుకున్న భావం. తన చేతులు సరిగ్గానే ఉంటే, ఇన్నేళ్ళు పక్క సీట్లో కూర్చున్నది ఎవరు? ఆ మనిషిని ఏం చేయాలి? ఆయన మనసులోకి కూడా వెళ్ళి చూసింది, అలవాటు చొప్పున. కావాలని అబద్ధం చెప్పలేదు. ముందు ఒక మాట అనేశాడు, తర్వాత బోల్టు కనపడింది. అన్న మాట పీకేసి కొత్తది పెట్టడం ఆయనకు రాదు. పాడైన స్విచ్చినే పీకలేని మనిషి. కారణం దొరికింది. ఈసారి దాన్ని ఆయన చేతిలో పెట్టాలనిపించలేదు. ఆయన్నే వెతుక్కోనీ అనుకుంది.

పని చాలా రోజులు సాగింది. పుట్టీ అంతా చెక్కి తీసి కొత్త రేకు అతికారు. ఛాసిస్‌కు తుప్పు తిన్న చోట కోసి దిట్టమైన ఇనుము వేశారు. కమాను దించి కొత్త బోల్టు పడింది, రెండు పక్కలా తాడు సమానంగా వచ్చింది. ఆయన స్టూలు రోజూ కొంచెం కొంచెం లోపలికి జరిగింది. నట్లు కిరసనాయిల్లో కడగడం తన పనిగా పెట్టుకున్నాడు. సరిగ్గా కనపడక వేళ్ళతో తడిమి మరలు చూసుకునేవాడు. బావమరిది ఎత్తిపొడిస్తే ఊరికే తల ఊపేవాడు. ఆ మౌనం తమ్ముడికి నచ్చలేదు.

"బావా, నువ్వు తిట్టకపోతే నాకు పని సాగదు. రెండు ముక్కలైనా అను."

"తర్వాత అంటాలే. అప్పు పెట్టుకో."

సీటుకు కొత్త పట్టాలు వేశారు. వరసగా కన్నాలు, ఒక పిన్ను. పిన్ను ఎత్తి సీటు జరిపి కావలసిన కన్నంలో వదిలితే చాలు.

"అక్కా, సీటు ఎక్కడ పెట్టను?"

"ఆయనకి ఉండేది కదా, అక్కడే పెట్టు" అంది. నోరు తనంతట తానే అనేసింది. తమ్ముడు ఆమెను ఒకసారి చూసి, సీటును చివరి కన్నంలో పెట్టాడు.

బండి తయారైన రోజు పొద్దున ఆమె దిండు దులిపి వీపు వెనక పెట్టుకుని కూర్చుంది. ఆయన పక్క సీట్లోకి ఎక్కాడు. ఎక్కడానికి ముందు అలవాటుగా ఇటువైపు వచ్చి, ఆమెను చూసి, బండి చుట్టూ తిరిగి అటు వెళ్ళాడు. తమ్ముడు గేటు బార్లా తీసి రోడ్డు మీద నిలబడ్డాడు.

ఇంజను ఒక్క పిలుపుకే పలికింది. జీపు ఆవరణలోకి వచ్చింది, గేటు వైపు కదిలింది. కదులుతూనే కుడికి తిరిగింది. ఆమె బ్రేకు తొక్కింది. జీపు ఎటూ లాగకుండా, ఉన్నచోట ఉన్నట్టు ఆగింది. కానీ కుడి స్తంభం బంపరుకు బెత్తెడు దూరంలో ఉంది.

రోడ్డు మీద తమ్ముడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"చేతు..." అని ఆయన నోరు తెరిచి, మూశాడు.

మేకు, కత్తెర, కుండీల వరస. సాక్షులందరూ మళ్ళీ వచ్చి నిలబడ్డారు. బండి సరిగ్గా ఉంది, కొలిచి చూశారు, ఇక మిగిలింది ఎవరు? ఆమె చేతుల వైపు చూసుకుంది. కుడి చెయ్యి స్టీరింగును కిందికి లాగి పట్టుకుని ఉంది, కణుపులు తెల్లబడేంత గట్టిగా. భుజం కూడా అటే దిగి ఉంది. బండి ఆగి ఉన్నా చెయ్యి లాగుతూనే ఉంది.

ఆయన కూడా ఆ చేతినే చూస్తున్నాడు. దగ్గరి వస్తువులు ఆయనకు ఇంకా కనపడతాయి.

"అంత పట్టక్కర్లేదు" అన్నాడు. "ఇప్పుడు లాగదు."

ఇంజను చప్పుడులో ఆ మాట చిన్నగా వినిపించింది. ఆమె ఇంజను ఆపింది.

"అప్పుడో?"

ఆయన నల్ల కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు. ఎదురుగా గేటు ఉంది, ఆయనకు అదొక ఆకుపచ్చ మసకగా కనపడుతుండాలి.

"అప్పుడు లాగేది" అన్నాడు. తర్వాత "మద్దెల ఓడే" అన్నాడు.

ఆమె చేతులు స్టీరింగు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. రోడ్డు మీద నుంచి తమ్ముడు, "ఏంటి ఆలస్యం? ఇంటిపట్టునే తోట పెట్టుకుంటారా?" అని అరిచాడు.

ఆమె వీపు వెనక నుంచి దిండు లాగి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె వంగి, సీటు కింద తడిమి, పిన్ను పైకి ఎత్తింది. పాదం క్లచ్‌ మీద పూర్తిగా ఆనేదాకా సీటును ముందుకు జరుపుకుని, పిన్ను వదిలింది.