ఇద్దరి కారు, చౌడక్క షెడ్డు

రహీమ్‌కు హిందూపురంలో కార్ల సీటు కవర్లు కుట్టే అంగడి ఉంది. రవికుమార్ ధర్మవరం కరెంటాఫీసులో బిల్లులు చూస్తాడు. ఇద్దరూ హిందూపురంలో ఇంటర్మీడియట్ ఒకే బెంచీ మీద కూర్చుని చదివారు. ఒకే సబ్జెక్టు తప్పారు. ఆ తర్వాత పెళ్లిళ్లకూ చావులకూ కలుసుకుంటూ యాభై దాటారు. ఇద్దరికీ తాగుడు లేదు, పేకాట లేదు. అలాంటి వాళ్లు కలిసి ఒక పాత కారు కొన్నారు.

గుడిబండ దగ్గర గ్రానైటు క్వారీ నడిపిన ఒక పెద్దమనిషి పోయాక ఆయన కొడుకులు షెడ్డు ఖాళీ చేయిస్తున్నారు. జీపు సీట్లకు కొలతలు తీసుకుందామని రహీమ్ అక్కడికి వెళ్లాడు. ఒక మూల టార్పాలిన్ కింద పొడుగాటి ముక్కున్న కారు కనిపించింది. ఇంగ్లండులో తయారైంది. రెండే తలుపులు. తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇద్దరు మనుషులు రెండు పెట్టెలు వేసుకుని పొద్దున ఒక దేశంలో బయలుదేరి, రాత్రి భోజనానికి ఇంకో దేశంలో దిగడానికి ఆ కాలంలో ఇలాంటివి చేసేవారట. గ్రాండ్ టూరర్ అంటారని పెద్దకొడుకు చెప్పాడు. తన తండ్రి దాన్ని గుడిబండ దాటించినట్టు గుర్తులేదని కూడా చెప్పాడు.

రహీమ్ ఆ రెండో మాట సరిగా వినలేదు. అప్పటికే లోపల కూర్చున్నాడు. సీటు తోలు చిరిగి స్ప్రింగులు గుచ్చుకుంటున్నా చాలాసేపు దిగలేదు. దిగి రవికుమార్‌కు ఫోన్ చేసి, ఒక కారుంది, సగం వేస్తావా అని అడిగాడు. రవికుమార్ ధర అడగలేదు. ఏ రంగు అని అడిగాడు. వాన ముందర మబ్బు రంగు అని రహీమ్ చెప్పాడు.

ఇద్దరూ తమ తమ ఇళ్లలో ధర చెప్పారు. చెప్పిన ధర ఒకటి కాదు. రహీమ్ భార్య ఆరిఫా, రవికుమార్ భార్య అరుణ ఫోన్‌లో సరిచూసుకున్నాక, ఆ రెండూ కలిపితేనే అసలు ధర వస్తుందని తేలింది.

ఒప్పందం తేలికైనదే. కారు ఒక నెల హిందూపురంలో, ఒక నెల ధర్మవరంలో. తాళాలు రెండు, తలా ఒకటి. సీట్లు రహీమ్ కుడతాడు. రవికుమార్ కరెంటాఫీసు మనిషి కాబట్టి కారులో కరెంటు సంగతి అతనిది. కరెంటాఫీసులో తాను బిల్లుల మీద తప్ప కరెంటు మీద ఎన్నడూ చెయ్యి వేయలేదని రవికుమార్ చెప్పాడు. దాన్ని ఎవరూ అభ్యంతరంగా తీసుకోలేదు.

సీట్లు కుట్టడం అయ్యాక, మొదటి నెల చివర రహీమ్ కారును ధర్మవరంలో అప్పగించడానికి బయలుదేరాడు. సోమందేపల్లి దాటేదాకా బాగానే ఉంది. పెనుకొండ దగ్గరికొచ్చేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. హైవే పక్కన ఒక చిన్న హోటల్ ముందు ఆపాడు. బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్ముతోంది. హోటల్ యజమానురాలు చౌడక్క బకెట్టుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి చూసింది.

"ఏమప్పా, లోపల ఏమన్నా ఉడకేసినావా?"

రేడియేటరు అని రహీమ్ అన్నాడు. అయితే చల్లారేదాకా బొరుగుల ఉగ్గాని తినమంది. సాయంత్రమైనా చల్లారినట్టు కనిపించలేదు. హోటల్ వెనక శెనక్కాయ మూటలు పెట్టుకునే రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. రెండు రోజులు పెట్టుకుంటానని అడిగి, కారును అందులోకి తోయించి, రహీమ్ బస్సెక్కి ఇంటికి పోయాడు.

రేడియేటరు బాగుచేయించాక రవికుమార్ వచ్చి తీసుకుపోయాడు. చెన్నేకొత్తపల్లి కూడా చేరకముందే కారులో కరెంటు మొత్తం పోయింది. ట్రాక్టరు కట్టి మళ్లీ చౌడక్క షెడ్డుకే లాక్కొచ్చారు, అదే దగ్గర కాబట్టి.

అప్పటి నుంచి కారు పెనుకొండలోనే కాపురం పెట్టింది. హిందూపురం వైపు పోతే వేడెక్కేది. ధర్మవరం వైపు పోతే కరెంటు పోయేది. ఎక్కడికీ పోకపోతే తుప్పు పట్టేది. ఒకరోజు రహీమ్ లోపల కూర్చుని కాలు చాపితే, చెప్పు నేల రేకులోంచి దిగి మట్టికి తగిలింది. రేకు కోసి కొత్తది అతికించారు. అతికించేటప్పుడు దాని పక్క రేకు కూడా పోయిందని తెలిసింది. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటర్లు మూడున్నాయి. మూడూ సమానంగా ఊపిరి తీయాలి. రెండు సరిచేస్తే మూడోది దగ్గేది.

నీళ్ల పంపు మాత్రం ఇంగ్లండు నుంచే రావాలన్నారు. తెప్పించారు. పంపు ధర కంటే దాన్ని దేశంలోకి దించుకోవడానికి అయిన ఖర్చు ఎక్కువ. వచ్చింది తర్వాతి మోడలుది. తిరిగి పంపే ఖర్చు విన్నాక, దాన్నే సానబట్టించి ఇరికించారు. టైర్ల కొలత ఇప్పుడెవరూ చేయడం లేదు. దొరికిన నాలుగు టైర్లకు పెట్టిన దుడ్లతో మామూలు స్కూటరు వచ్చేదని ఆరిఫా ఒకసారి అంది. మళ్లీ అనలేదు. అరుణ మాత్రం తన అక్కతో, తాగుడైతే మానిపించేదానికి డాక్టర్లుంటారు కదా అందట.

ప్రతి ఆదివారం రహీమ్ అటు నుంచి, రవికుమార్ ఇటు నుంచి పెనుకొండకు వచ్చేవారు. చౌడక్క చేతి టీ తాగి షెడ్డులోకి దూరేవారు. ఇంట్లో చెప్పని మాటలు అక్కడ చెప్పుకునేవారు. రవికుమార్ తన బీపీ సంగతి మొదట రహీమ్‌కే చెప్పాడు, కారు కింద పడుకుని. రహీమ్ కూతురు షాహిస్తా బీఎడ్ చదవాలా, పెళ్లి చేయాలా అన్నది అక్కడే తేలింది. చదవాలని తేలింది. ఆమె ఇప్పుడు కొత్తచెరువులో టీచరు.

చౌడక్క కొడుకు ఓబులేసు పెనుకొండ దగ్గర కొత్త కార్లు తయారయ్యే ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఒకసారి డ్యూటీ దిగి వచ్చి షెడ్డు గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు.

"మా లైన్లో నిమిషానికొకటి దిగుతాదన్నా. మీది ఎప్పుడు దిగుతాది?"

వాళ్లు నవ్వలేదు. నిజంగా లెక్క వేసి, ఉగాదికి కావచ్చు అని రవికుమార్ చెప్పాడు.

ఆ కాలంలో వాళ్లిద్దరి మధ్య ఒక్క మాట తేడా రాలేదు. నెల మారినప్పుడల్లా ఈ నెల నీదే అని ఇతనూ, లేదు నీదే అని అతనూ మర్యాద చేసుకునేవారు.

చివరికి బెంగళూరు నుంచి ఒక ముసలి మెకానిక్కును పిలిపించారు. అతని కోసం రవికుమార్ పీఎఫ్‌లో కొంత తీశాడు. రహీమ్ ఒక కుట్టు మిషను అమ్మాడు. మెకానిక్ లాడ్జిలో దిగి, పని ముగించి, ఇక వాడుకోండి అని చెప్పి పోయాడు.

కారు నడిచింది. పెనుకొండ కొండ చుట్టూ తిప్పారు. ముల్లు మధ్యలో నిలబడింది. మూడు కార్బొరేటర్లూ ఒక్క గొంతుతో పలికాయి. ఆ రోజు ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి ఏమీ లేకపోయింది.

మొదటి నెల రహీమ్ తీసుకుపోయాడు. నెల అయిపోయింది. ఇంకో వారమూ గడిచింది. రవికుమార్ ఫోన్ చేస్తే, సీట్ల కుట్టు కొంచెం మిగిలి ఉందని చెప్పాడు. సీట్లు కుట్టడం నాలుగేళ్ల కిందటే అయిపోయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

తర్వాతి శుక్రవారం రవికుమార్ సెలవు పెట్టి హిందూపురం వెళ్లాడు. రహీమ్ నమాజుకు పోయి ఉన్నాడు. ఆరిఫా టీ ఇచ్చింది. తాగి, గ్లాసు కిందపెట్టి, తన తాళంతో కారు తీసుకుని ధర్మవరం పోయాడు. దారిలో ఒక్కచోట కూడా ఆగలేదు.

పదిరోజులకు రహీమ్, రవికుమార్ ఆఫీసులో ఉండే వేళ చూసుకుని ధర్మవరం వెళ్లాడు. అరుణ టీ ఇచ్చింది. అతనూ తాగి, కారు తీసుకుని వెనక్కి వచ్చాడు.

ఆ తర్వాత ఒకరికొకరు ఫోన్ చేసుకోలేదు. రవికుమార్ ఆఫీసులో ఎవరితోనో రహీమ్‌ను దొంగ అన్నాడు. ఆ మాట హిందూపురం దాకా వచ్చింది. దానికి రహీమ్ తిరిగి అన్న మాట కూడా ధర్మవరం పోయింది.

ఆరిఫా, అరుణ మాత్రం రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఒకరోజు ఆరిఫా, రహీమ్ అంగడికి పోయాక, ఒక డ్రైవరును మాట్లాడి, తను పక్కన కూర్చుని కారును పెనుకొండ తెచ్చింది. అరుణ రవికుమార్ బీరువాలోంచి రెండో తాళం తీసుకుని బస్సులో వచ్చింది. రెండు తాళాలూ చౌడక్క చేతిలో పెట్టారు. ఎవరొచ్చి అడిగినా ఒక్కడికే ఇవ్వద్దని, ఇద్దరూ కలిసి వస్తేనే ఇవ్వమని చెప్పారు. తర్వాత ముగ్గురూ కూర్చుని ఉగ్గాని తిన్నారు.

రహీమ్, రవికుమార్ ఇద్దరూ రాలేదు. ఎండాకాలం పోయింది, వానలొచ్చాయి. ఆదివారాలు రహీమ్ అంగడి తెరిచి పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. రవికుమార్ ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ విప్పి మళ్లీ బిగించాడు. ఒకటి తిరగడం మానేసింది.

ఆ ఏడు వానలు సమయానికి పడి చౌడక్క చేనులో శెనక్కాయ బాగా వచ్చింది. ఆమె ఇద్దరికీ ఫోన్ చేసి ఒకే మాట చెప్పింది.

"మూటలు పెట్టుకోవల్ల. ఆదివారం వచ్చి మీ బండి ఎత్తుకుపోండప్పా. రాకుంటే ఎండలోకి తోపిస్తా."

ఎండలో పెడితే రంగు పోతుంది. ఇద్దరూ వచ్చారు. ఒకరు బస్సు దిగేసరికి ఇంకొకరు హోటల్ బల్ల మీద కూర్చుని ఉన్నారు. పలకరించుకోలేదు. చౌడక్క తాళాలు తలా ఒకటి ఇచ్చి, బండి ఏ ఊరికి అని అడిగింది. ధర్మవరంలో రవికుమార్ ఇంటి ముందు పోర్టికో ఉంది. రహీమ్ ఇంటి ముందు వీధి ఉంది. కాబట్టి ధర్మవరానికే అని, ఎవరూ నోరు తెరవకుండానే తేలిపోయింది. రహీమ్ స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. రవికుమార్ పక్కన కూర్చున్నాడు. దిగి పొమ్మని ఇద్దరిలో ఎవరూ అనలేకపోయారు.

హైవే ఎక్కారు. కొత్త కార్లు ఎత్తుకుపోయే లారీలు పక్కనుంచి పోతున్నాయి. ఇద్దరూ ముల్లునే చూస్తున్నారు. ముల్లు కదల్లేదు. రవికుమార్ తల కొంచెం పక్కకు వంచి ఇంజను శబ్దం విన్నాడు. రహీమ్ అద్దం దించి సైలెన్సరు శబ్దం విన్నాడు. చెన్నేకొత్తపల్లి వచ్చింది. ఇక్కడ కరెంటు పోతుందని రవికుమార్ అనుకున్నాడు. పోలేదు. ధర్మవరం దారి పట్టారు. స్పీడు బ్రేకర్ల మీద రహీమ్ వాలుగా, నిదానంగా ఎక్కించాడు. అడుగు ఎక్కడా గీసుకోలేదు. ఏదన్నా ఒకటి తెగితే, ఊడితే, ఆగితే దిగి మాట్లాడుకోవచ్చునని ఇద్దరికీ ఉంది. కారు ఏ మాత్రం సాయం చేయలేదు. నేరుగా పోర్టికో కిందికి వచ్చి నిలబడింది.

రహీమ్ ఇంజను ఆపాడు. ఇద్దరూ దిగలేదు.

కొంతసేపటికి రహీమ్, "ఏమీ కాలేదు," అన్నాడు.

"అదే నాకూ అర్థం కాలేదు," అన్నాడు రవికుమార్. "నీళ్లు చూసినావా, బయలుదేరేటప్పుడు?"

"నువ్వు చూసినావనుకున్యా."

ఇద్దరూ చూడలేదని తెలిసింది. దిగి బానెట్ ఎత్తారు. నీళ్లున్నాయి. నూనె ఉంది. బెల్టు బిగువుగా ఉంది. రవికుమార్ ఒక వైరును పట్టి లాగి చూశాడు. అది ఊడలేదు. చూడాల్సింది ఏమీ మిగల్లేదు గానీ, మూత దించకుండా ఇద్దరూ లోపలికి చూస్తూ నిలబడ్డారు. ముఖాలు చూసుకోవలసిన పని లేదు కాబట్టి రహీమ్‌కు మాట వచ్చింది.

"ఆ శుక్రవారం నేనొచ్చేతలికి కారు లేదు. కారు పోయినందుకు గాదబ్బా. అంత దూరం వచ్చి, నన్ను చూడకుండానే పోయినావే."

రవికుమార్ చాలాసేపు రేడియేటరు మూత తుడిచాడు.

"ఎదురుగా ఉంటే నేను అడగలేకపోయేటోన్ని," అన్నాడు. "నువ్వు ఇయ్యనంటే ఏమని అడిగేది?"

"ఇచ్చేటోన్నే."

"ఇచ్చేటోనివి కాదు."

రహీమ్ ఆలోచించి, కాదు అని ఒప్పుకున్నాడు. నెల దాటించింది తనేనని, కుట్టు సంగతి అబద్ధమని కూడా చెప్పాడు. దొంగ అన్న మాట తనదేనని రవికుమార్ చెప్పాడు. తనన్నది అంతకంటే పెద్ద మాట అని రహీమ్ చెప్పాడు. అది తనకూ చేరిందని రవికుమార్ అన్నాడు.

అరుణ గుమ్మంలోకి వచ్చి చూసింది. అన్నం పెట్టాలా అని అడగబోయి, అడగకుండా లోపలికి పోయి ఆరిఫాకు ఫోన్ చేసింది. ఇద్దరూ చేరారని, మూతెత్తి చూస్తున్నారని చెప్పింది. ఆరిఫా కంగారుపడి మళ్లీ ఏం చెడిపోయిందని అడిగింది. ఏమీ చెడిపోలేదంట అని అరుణ చెప్పింది.

రహీమ్ అక్కడే భోంచేసి సాయంత్రం రైలుకు హిందూపురం పోయాడు. నెలల లెక్క వదిలేద్దామని, కారు పోర్టికో కిందే ఉండనిద్దామని, తనే ఆదివారాలు వస్తానని పోయేముందు అన్నాడు. తాళం మాత్రం జేబులోనే ఉంచుకున్నాడు. రవికుమార్ అడగలేదు.

మరుసటి బుధవారం గేర్‌బాక్సు కింద నేల మీద నూనె చుక్కలు కనిపించాయి. రవికుమార్ ఫోన్ చేసి చెప్పాడు. రహీమ్ ఆదివారం దాకా ఆగకుండా గురువారమే వచ్చాడు.