రెండో టక్కు

“ఇంతసేపూ ఆడుకుని వచ్చావుగా, ఇక ఆ గిన్నెల సంగతి చూడు,” అనేది మా అత్తగారు, నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే. నేను పనిచేసేది ఆటల పార్కులో కాబట్టి, ఆవిడ దృష్టిలో నేను రోజూ ఆడుకోవడానికి వెళ్తున్నట్టే. మా ఆయన ఇంకో మెట్టు పైన. “వేలు చూపిస్తే జీతమిచ్చే చోటు లోకంలో ఇదొక్కటే. వేలిముద్రకి తగ్గ ఉద్యోగం దొరికింది,” అని నలుగురిలో అని నవ్వేవాడు. నాకు చదువు రాదు. సంతకమంటే నాకు బొటనవేలే. ఆయన గోదాములో గుమస్తా, అక్షరం ముక్క వచ్చినవాడు. ఇంటికి ఏ కాగితం వచ్చినా ఆయన చదివేవాడు, నేను వేలు పెట్టేదాన్ని, నకలొకటి అటక మీది రేకుపెట్టెలోకి పోయేది. సంసారమంటే ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాను.

అక్కడి పని ఎలా ఉంటుందో బయటివాళ్లకి తెలియదు. వాళ్లు వచ్చేది ఒక్కరోజు, మేం వెళ్లేది రోజూ. నన్ను పాముబండి దగ్గర వేశారు. కొండలా లేచి పాములా మెలికలు తిరిగే పట్టాల మీద పదహారు సీట్ల బండి అది. జనం ఎక్కి కూర్చున్నాక ఒక్కొక్కరి ఒళ్లోకి ఇనుప కమ్మీ దించి, గట్టిగా పైకి లాగి చూడాలి. సరిగా పడితే కమ్మీ రెండుసార్లు టక్కుమంటుంది. ఒక టక్కు చాలదు, రెండోది కూడా వినపడాలి. పదహారూ చూశాక చెయ్యెత్తి బొటనవేలు చూపించాలి. దూరంగా గాజుగదిలో మీట దగ్గర కూర్చునే మనిషిని మేం మీటన్న అనేవాళ్లం. జనం తలల మీద లేచిన ఆ వేలొక్కటే అతనికి కనపడేది. అది చూసి బండి వదిలేవాడు. పదహారుసార్లు వంగడం, పదహారుసార్లు లాగడం, మళ్లీ మొదలు. తొమ్మిది గంటలు నిలువుకాళ్ల మీద. మేం కూర్చుంటే వచ్చినవాళ్ల సరదా పాడవుతుందట. బాత్రూమ్‌కి వెళ్లాలంటే నా చోట ఇంకొకరు నిలబడాలి. ఆ ఇంకొకరు ఎప్పుడూ ఉండరు. అందుకని ఆడవాళ్లమంతా నీళ్లు తాగడం మానేశాం. నెలసరి వచ్చినప్పుడు మా అవస్థ ఆ పట్టాలకే తెలుసు. ఎవరైనా కళ్లు తిరిగి కక్కుకుంటే రంపపు పొట్టు చల్లి ఎత్తేదీ మేమే, అదీ మొహాన నవ్వు చెదరకుండా. పొద్దున పెట్టిన పాటే సాయంత్రం దాకా. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే ఆ చప్పుడు కూడా అదే పాట పాడేది.

మా సూపర్‌వైజరుకి మేం పెట్టుకున్న పేరు చిరునవ్వు. “చిరునవ్వు, చిరునవ్వు!” అంటూ తిరిగేవాడు. వాడి మొహాన మాత్రం ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. “ఏమ్మా, పళ్లు ఇంట్లో పెట్టి వచ్చావా?” అని అందరి ముందూ అడిగేవాడు. అక్కడ కొన్ని మాటలు నోట రాకూడదు. బండి చెడిపోయిందని అనకూడదు, “విశ్రాంతి తీసుకుంటోంది” అనాలి. “ఇనుముకి విశ్రాంతి ఉంది తల్లీ, మన ఒళ్లే దిక్కులేనివి,” అని నాతో పనిచేసే, ఊడ్చే పెద్దమ్మ అంటే, చీపుర్ల గదిలో దూరి పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. అదొక్కటే మా సొంత నవ్వు.

ఆ ఆదివారం ఇసక వేస్తే రాలనంత జనం. ఏడో నంబరు సీట్లో ఒక అమ్మాయి కూర్చుంది. పద్దెనిమిదేళ్లుంటాయేమో. వాళ్లమ్మ కటకటాల అవతల కూతురి సంచీ గుండెలకి పెట్టుకుని నిలబడింది. కమ్మీ దించాను. టక్. ఇంకోటి రాలేదు. ఎత్తి మళ్లీ దించాను. మళ్లీ ఒక్కటే. అమ్మాయిని దిగమన్నాను. ఆ పిల్ల నవ్వి, “ఏం కాదాంటీ, గట్టిగా పట్టుకుంటాలే,” అంది. వెనకనుంచి జనం ఈలలు. చిరునవ్వు పరిగెత్తుకొచ్చాడు.

“వేలెత్తవేంటమ్మా?”

“ఏడోది ఒక్క టక్కే అంటోంది సార్.”

“రెండోది నీకు వినపడలేదేమో. ఇంత గోలలో ఏం వినపడుతుంది?”

“ఎనిమిదోది వినపడింది కదా సార్.”

“నీ టక్కులు నా దగ్గర కాదు. ఇక్కడ జనం గంటనుంచి నిలబడి ఉన్నారు.”

నేను చెయ్యి ఎత్తలేదు. అంతకుముందు ఎవరి మాటకీ ఎదురు చెప్పి ఎరగను. ఆ రోజు ఆ చెయ్యి మాత్రం ఎత్తలేదు. వాడు నా పక్కకి వచ్చి నిలబడి తన చెయ్యి ఎత్తాడు. గాజుగదిలో ఉన్నవాడికి వేలు కనపడింది. ఎవరి వేలైతేనేం? బండి కదిలింది.

మూడో మెలిక దగ్గర కేకలు మారాయి. సరదా కేకకీ ప్రాణం పోయే కేకకీ తేడా, ఆరేళ్లు అదే వింటూ నిలబడ్డదాన్ని, నాకు తెలియదా? కటకటాల అవతల ఆ తల్లికి మాత్రం ఇంకా తెలియలేదు. పైకి చూసి చెయ్యి ఊపుతూనే ఉంది.

ఆ పిల్ల బతికింది. బతికిందంటే, నడుము పైన బతికింది.

నాలుగోరోజు మధ్యాహ్నం చిరునవ్వు మా ఇంటికి వచ్చాడు. వరండాలో మా ఆయనతో చాలాసేపు గుసగుసలాడి, నేనిచ్చిన టీ తాగి, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. ఆయన ఒక కాగితం, సిరా డబ్బా పట్టుకుని లోపలికి వచ్చాడు.

“ఇదిగో, వేలు పెట్టు. ఉద్యోగం ఉంటుంది. పైగా గేటు దగ్గర టికెట్లు చింపే చోట కుర్చీ ఇస్తారట. నువ్వు కూర్చోవడానికి పోరుతుంటావుగా!”

“ఏముంది అందులో?”

ఆయన గొంతు సవరించుకున్నాడు. “‘ఆ రోజు నేను పనిలో ఉన్నాను. జరిగినదానికి చాలా బాధపడుతున్నాను.’ అంతే.”

కాగితం చూశాను. పైనుంచి కింది దాకా నల్లగా నిండి ఉంది. రెండు ముక్కలకి అంత సిరా ఎందుకు? నాకు అక్షరాలు రావు గానీ, సీట్ల పుణ్యమా అని పదహారు దాకా అంకెలు వచ్చు. ఆ కాగితం మీద ఏడు అంకె మూడుచోట్ల ఉంది. ఆయన నోట ఒక్కసారీ రాలేదు.

“చిట్టీ, ఇలా రామ్మా,” అన్నాను. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు.

“పెద్దవాళ్ల వ్యవహారంలో దాన్నెందుకు లాగుతావు?” అన్నాడాయన.

“మొగుడు చదివితే చాలలేదా మహాతల్లికి!” అని అత్తగారు మంచం మీదనుంచే అందుకుంది.

చిట్టి కాగితం అందుకుని కూడబలుక్కుంటూ చదివింది. “‘ఏడో నంబరు సీటు కమ్మీని నేనే స్వయంగా లాగి చూసి, సరిగా ఉన్నదని సైగ చేశాను. ప్రయాణం మధ్యలో ఏడో నంబరు సీటులోని అమ్మాయి తనంతట తానే...’” అక్కడ ఆగి, “అమ్మా, నువ్వు వేలెత్తలేదన్నావుగా?” అని అడిగింది.

ఆయన మొహం చూశాను. భయం దాచుకుని బాగానే ఉన్నామనేవాళ్ల మొహాలు ఎన్ని చూశాను నేను! బండి కదలకముందు ఉండే మొహం అది.

“నీకు అర్థం కాదని కాస్త కుదించి చదివాను. దానికింత రాద్ధాంతమా?” అన్నాడు.

కుదించి. ఆ మాట నా నెత్తిన రాయిలా పడింది. మా ఆయన దాన్ని ఎంత మామూలుగా అన్నాడో! అలవాటు లేని నోటికి ఆ మాట అంత సాఫీగా రాదు. మా పెళ్లయి అప్పటికి పద్నాలుగేళ్లు. మా అమ్మ పోయినప్పుడు వేలు పెట్టాను. మా పుట్టిల్లు తమ్ముళ్లు పంచుకున్నప్పుడు పెట్టాను. కాన్పు గదిలో, ఒంట్లో స్పృహ సగమే ఉన్నప్పుడు, ఆయన పట్టుకొచ్చిన కాగితం మీద పెట్టాను. ఆ తరవాత నాకు కడుపు పండలేదు. దేవుడు రాసిపెట్టింది అంతే అనుకున్నాను.

సిరా డబ్బా మూత పెట్టేశాను.

“రేపు పొద్దున్నే ఆసుపత్రికి పోయి, ఆ పిల్ల తల్లితో రెండో టక్కు పడలేదని చెప్తాను. ఎవరికి చెప్పమంటే వాళ్లకీ చెప్తాను,” అన్నాను.

“వీధిన పడతాం!” అన్నాడాయన.

నేను కూతురి వైపు తిరిగాను.

“చిట్టీ, బల్ల ఎక్కి అటక మీది రేకుపెట్టె దించమ్మా. ఇన్నాళ్లూ నేను వేలు పెట్టిన కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. అడుగునున్నదాన్నుంచి మొదలుపెట్టు. ఒక్క ముక్క కూడా కుదించకు.”